చేప శిలాజం కొన్నాను, అసలుదేనా? ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: పటమట_పలక

విజయవాడలో ఒక ప్రదర్శనలో 6,500 రూపాయలకి చేప శిలాజం కొన్నాను. అసలుదో కాదో తేలట్లేదు. వివరాలు ఇవీ:

రాతి పలక 22 × 15 సెం.మీ., మందం 1 సెం.మీ. లోపే. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద 690 గ్రాములు తూగింది. వెన్న రంగు రాయి, అంచుల్లో సన్నటి చారలున్నాయి. మధ్యలో ముదురు గోధుమ రంగులో 11 సెం.మీ. చేప. దాని కింద 6 సెం.మీ. చిన్న చేప ఇంకోటి. కుడి పైమూల నుంచి ఒక పగులు ఏటవాలుగా దిగి చిన్న చేప నడుం మీదుగా పోతోంది, దాన్ని అతికించినట్టు తెలుస్తోంది. వెనక రంపం గీతలు. బిల్లు మీద "ఒరిజినల్ ఫాసిల్, నైటియా, యూఎస్ఏ" అని ఉంది.

ఇది పిడుగురాళ్ల సున్నపురాయి మీద వేసిన బొమ్మ అని ఒకరంటున్నారు. పెద్ద చేప మరీ నిగనిగలాడుతోంది, రెసిన్ (ప్లాస్టిక్‌లా గట్టిపడే ద్రవం) పోత అని ఇంకొకరు. పలక పాడవకుండా ఏ పరీక్షలు చేయొచ్చు? ఏది ముందు, ఏది తర్వాత? విజయవాడ, గుంటూరుల్లో దొరికే సామానుతో అయ్యేవి చెబితే మేలు.

జవాబు 1: ముల్లు_గుల్ల

అసిటోన్ (రంగుని కరిగించే ద్రవం), యాసిడ్, కాల్చిన సూది, ఈ మూడు పరీక్షల జోలికీ ఇప్పుడే పోకండి. బిల్లులో "ఒరిజినల్" అని రాసిచ్చారు కాబట్టి రేపు తిరిగి ఇవ్వాల్సి వస్తే పలక కొన్నప్పటిలాగే ఉండాలి. ముందు ఫొటోలు తీయండి: ముందు, వెనక, నాలుగు అంచులు, రెండు చేపలు దగ్గరగా. ప్రతి ఫొటోలోనూ పక్కన స్కేలు కనపడాలి. బిల్లుని కూడా ఫొటో తీసి పెట్టండి, థర్మల్ కాగితం బిల్లు అయితే కొన్నాళ్ళకి అక్షరాలు ఎగిరిపోతాయి.

నైటియా అన్నది అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రపు గ్రీన్ రివర్ పొరల్లో దొరికే చేప. ఆ రాయి దాదాపు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళ కిందటి మంచినీటి సరస్సు అడుగున పేరుకున్న సున్నపు బురద. 1987లో ఆ రాష్ట్రం దీన్ని రాష్ట్ర శిలాజంగా ప్రకటించింది కూడా. అక్కడ అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ఇదే, ఒక్కో పలక మీద గుంపులు గుంపులుగా ఉంటాయి. అంత తేలిగ్గా దొరికే 11 సెం.మీ. చేపని మొత్తంగా నకిలీ చేస్తే గిట్టుబాటు కాదు. మోసం ఎక్కువగా ఇంకోలా జరుగుతుంది: తోక ఊడిన చేపకి తోక దిద్దుతారు, విరిగిన తలని ఎం-సీల్ లాంటి ముద్దతో నింపి రంగేస్తారు, పలకలో ఖాళీ ఉన్నచోట రెండో చేపని గీసి ధర పెంచుతారు. కాబట్టి మొత్తం పలకకి ఒకే జవాబు రాకపోవచ్చు. రాయి, పెద్ద చేప ఒళ్ళు, దాని తోక, చిన్న చేప, పగులు: ఐదింటినీ విడివిడిగా చూడండి.

నిగనిగ చూసి రెసిన్ అనుకోనక్కర్లేదు. ఆ చేపల మీద సన్నటి రాతి పొర ఉంటుంది. దాన్ని సూదులతో గీకి, గాలితో సన్నటి పొడి చిమ్మి తీస్తారు. తర్వాత ఎముక రాలిపోకుండా పలచని రెసిన్ ద్రావణం పూస్తారు, మెరుపు దానిది. చేప చుట్టూ రాయి కాస్త తెల్లబడి, సన్నటి గీకుడు గీతలు కనిపిస్తే మంచి గుర్తు. బొమ్మ వేసినవాడికి చుట్టూ గీకాల్సిన పని ఉండదు. ఒకే అచ్చులో పోసినవాటికి ఆ గీతలు కూడా అచ్చులోంచే వస్తాయి, అప్పుడు అంచులు కరిగినట్టు మొద్దుగా ఉంటాయి.

ఇక వాలు వెలుతురు పరీక్ష. పైసా ఖర్చు లేదు, నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఇదే. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, పలకని బల్ల మీద పరిచి, ఫోను టార్చిని అంచు దగ్గర 10–15 డిగ్రీల వాలులో పట్టుకోండి. తల వైపు నుంచి ఒకసారి, తోక వైపు నుంచి ఒకసారి, వీపు వైపు నుంచి ఒకసారి. ఎముక అయితే వెన్నుపూస ఒక్కోటీ చిన్న నీడ వేస్తుంది, పక్కటెముకలు కొన్ని లేచి, కొన్ని కుంగి ఉంటాయి. రంగు అయితే టార్చి ఏ వైపు నుంచి కొట్టినా చదునుగానే ఉంటుంది.

ఆ తర్వాత 10ఎక్స్ భూతద్దం. కంసాలులు వాడే మడత లూప్ చాలు. పులస తిన్నవాళ్ళకి ఇక్కడ పని సులువు, నైటియా కూడా పులస, కవళ్ళ కుటుంబానికి చుట్టమే. పులసలో నాలుకకి తగిలే వెంట్రుకల్లాంటి ముళ్ళు గుర్తు చేసుకోండి. అసలు నైటియాలో కూడా వెన్నుకి పైనా కిందా అలాంటి సన్నముళ్ళు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. గీసేవాళ్ళు వాటిని వదిలేస్తారు, లేదా దువ్వెన పళ్ళలా సమానంగా గీస్తారు. పొట్ట అంచున రంపపు పళ్ళలాంటి గట్టి పొలుసుల వరస ఉండాలి, పులస పొట్ట కింద వేలు పెడితే గరుగ్గా తగిలేది అదే. వెన్నుపూసలు పక్కనుంచి చూస్తే నడుం సన్నగా, రెండు చివరలా వెడల్పుగా డమరుకంలా ఉంటాయి. తోక వైపు ప్రతి పూసకీ పైకొక ముల్లు, కిందకొక ముల్లు. ఈ లెక్క తప్పితే చేయి పడిందని అర్థం. తోక రెక్కలో ముళ్ళు చివరికి వెళ్ళేకొద్దీ చీలుతూ, అడ్డంగా చిన్న చిన్న కణుపులతో ఉంటాయి. కుంచెకి అది చేతకాదు, తిన్నటి గీతలే వస్తాయి.

పగులు మరిచిపోకండి. పలక పగిలితే దాంతోపాటు ఎముకా పగలాలి. పగులు మీదుగా ముళ్ళ గీతలు తెగకుండా సాగితే, అతికించాక ఎవరో వేసినవే.

జవాబు 2: నాపరాయి_పల్నాడు

పిడుగురాళ్ల మాట తేల్చేద్దాం. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు సున్నపు బట్టీలకీ సిమెంటుకీ తవ్వేది నార్జి సున్నపురాయి. అది ప్రోటెరోజోయిక్ కాలంలో, అంటే 50 కోట్ల ఏళ్ళకి ముందెప్పుడో పేరుకున్నది. అప్పటికి వెన్నెముక ఉన్న ప్రాణి అంటూ ఏదీ పుట్టలేదు. మాచర్ల క్వారీలో చేప దొరికిందని ఎవరన్నా చెబితే వాళ్ళతో బేరమే వద్దు. ఇంద్రకీలాద్రి రాయి అసలే కాదు, అది ఖోండలైట్, భూమి లోతున వేడికీ ఒత్తిడికీ రూపు మారినది, అందులో ఏ చేపా మిగలదు. పల్నాటి పలకల పొరల మధ్య చెట్టు కొమ్మల్లా నల్లటి నమూనాలు వస్తుంటాయి, వాటిని ఆకు శిలాజాలని అమ్ముతారు. అవి మాంగనీసు, ఇనుప ఆక్సైడ్లు పగుళ్ళలో పాకి ఏర్పడినవి, ఆకులు కావు.

తెలుగు నేలకి దగ్గర్లో చేపలున్న రాయి కావాలంటే ప్రాణహిత–గోదావరి లోయలోని కోట పొరలు, జురాసిక్ కాలానివి. గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గరి కోట ఊరి పేరే ఆ పొరలకి పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం కూడా ఈ పొరల నుంచి వచ్చిందే. కానీ అక్కడి పేరున్న చేప లెపిడోటిస్ డెక్కనెన్సిస్‌కి ఒళ్ళంతా వజ్రం ఆకారపు మందపాటి పొలుసులు, ఎనామెల్ పూసినట్టు మెరుస్తూ, పెంకులు పేర్చినట్టు ఉంటాయి. మీ చేపలా ముళ్ళు బయటికి కనపడే రకం కాదది.

అయితే పల్నాటి రాయి మీద బొమ్మ వేయడం వీలయ్యే పనే. దాన్ని సాంద్రత పట్టిస్తుంది. మీరిచ్చిన కొలతల్లో మందం ఒక్కటే సరిగా లేదు. వెర్నియర్ కాలిపర్‌తో అంచుల చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి సగటు తీయండి. పొడవు × వెడల్పు × మందం ఘనపరిమాణం, బరువుని దాంతో భాగించాలి. ఉత్త రెసిన్ 1.1–1.2 వస్తుంది. పాలరాతి పొడి కలిపిన రెసిన్ 1.6 నుంచి 2 చుట్టుపక్కల. ఆరిన పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) ఇంకా తేలిక, పైగా గోటితో గీస్తే గీత పడుతుంది. పల్నాటి గట్టి సున్నపురాయి 2.7 దరిదాపుల్లో ఉంటుంది. గ్రీన్ రివర్ రాయిలో సేంద్రియ పదార్థం, సన్న రంధ్రాలు ఉంటాయి కాబట్టి దానికంటే తగ్గుతుంది.

నీళ్ళలో ముంచి కొలవొద్దు. పొరల రాయి నీరు పీల్చి విచ్చుకుంటుంది, అతుకులు వదులవుతాయి. వంకర టింకర పలకకి ముంచక తప్పకపోతే క్లింగ్ ఫిల్మ్‌లో గాలి లేకుండా చుట్టి, కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేసి, పలకని దారంతో గిన్నె అడుగు తగలకుండా వేలాడదీయండి. కాటా చూపించే గ్రాములే ఘన సెంటీమీటర్లు.

అంచుల్లో చారలున్నాయన్నారు, మంచిదే. కాకపోతే నాలుగు అంచుల్లోనూ ఒకే ఎత్తులో, మూల తిరిగినా తెగకుండా సాగుతున్నాయా చూడండి. రంగుతో వేసినవి మూల దగ్గర దొరికిపోతాయి. వెనక రంపం గీతలకి కంగారు పడొద్దు, పలకలు కోసి అమ్మడం అక్కడ మామూలే.

జవాబు 3: అరండల్_5

ఇంత తంతు ఎందుకండీ? చిన్న చేప మీద అసిటోన్ రుద్దండి, రంగైతే ఊడి వస్తుంది. రాయి మీద బాత్రూం యాసిడ్ ఒక చుక్క వేయండి, పొంగితే అసలు రాయి. ఐదు నిమిషాల పని.

జవాబు 4: ముల్లు_గుల్ల

అరండల్ గారూ, ఈ రెంటికీ తిరకాసు ఉంది.

అసిటోన్ రంగుని తీస్తుంది, నిజమే. అసలు ఎముక మీద పూసిన పారలాయిడ్ బి-72 లాంటి రెసిన్‌నీ, ఫెవిక్విక్ రకం జిగురునీ కూడా కరిగిస్తుంది. రుద్దితే పట్టు వదిలిన ముళ్ళు దూదికి అంటుకుని వచ్చేస్తాయి, గోధుమ రంగు రేణువులు చూసి "రంగు ఊడింది" అనుకుంటారు. చేయాల్సింది ఇలా: ఇయర్ బడ్ కొన మాత్రం తడిపి, టిష్యూకి అద్ది, రంగని అనుమానమున్న చోట 3 మి.మీ. మేర రెండు సెకన్లు ఆనించి ఎత్తండి. రుద్దొద్దు. తర్వాత ఇంకో బడ్‌తో పెద్ద చేప తల మీద ఒకచోట అంతే. మూడో బడ్ ఉత్త రాయి మీద, అది పోల్చుకోడానికి. మూడు బడ్లూ పక్కపక్కన పెట్టి ఫొటో. గోళ్ళ రంగు తుడిచేది వాడొద్దు, అందులో నూనె, రంగు, సువాసన కలుపుతారు, రాయి పీల్చుకుంటే మరక పోదు. ల్యాబ్ సామాను అమ్మేచోట శుద్ధమైన అసిటోన్ దొరుకుతుంది. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా.

బాత్రూం యాసిడ్ అసలే వద్దు. ఎముకలో ఉన్నది కాల్షియం ఫాస్ఫేట్, యాసిడ్ దాన్నీ తింటుంది. చుక్క పాకినంత మేరా రాయి గుంట పడి మచ్చ మిగులుతుంది. సున్నపురాయా కాదా అని చూడాలంటే వెనక మూలలో మేకుతో గీకి, ఆవగింజంత పొడి స్టీలు పళ్ళెంలో వేసి దాని మీద వెనిగర్ చుక్క వేయండి. భూతద్దంలో బుడగలు కనిపిస్తాయి. అంతమాత్రాన తీర్పు ఇవ్వకూడదు, పాలరాతి పొడి కలిపిన రెసిన్ కూడా బుడగలు వేస్తుంది. బుడగలు రాకపోతే పీవోపీ కావచ్చు, లేదా చైనాలో లియావోనింగ్ వైపు లైకోప్టెరా చేపలుండే అగ్నిపర్వత బూడిద రాయిలాంటిది కావచ్చు. బిల్లులో అమెరికా అని ఉంది కాబట్టి మీ పలక మాత్రం పొంగాలి.

కాల్చిన సూది కూడా ఇలాగే పొరపడేలా చేస్తుంది. గ్రీన్ రివర్ రాయిలో నూనె పుట్టించే సేంద్రియ పదార్థం ఉంటుంది, తాజాగా గీకినా కాల్చినా కాస్త కిరసనాయిలు లాంటి వాసన రావచ్చు. రెసిన్ వాసన ఘాటైన ప్లాస్టిక్ వాసన, సూది కొన కూడా దిగబడుతుంది. చూడాల్సింది ఆ దిగబాటుని. సాంద్రత తేలాక సూది అవసరం పడదు.

అసిటోన్ కంటే ముందు యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి. 365 నానోమీటర్లది తీసుకోండి. నోట్లు చూసే చవక టార్చీలు చాలావరకు 395వి, వాటి ఊదా వెలుగు అన్నిటినీ ఊదాగా చూపిస్తుంది. చీకటి గదిలో కళ్ళు అలవాటు పడ్డాక వేయండి. జిగురు, అరల్డైట్, కొత్త రెసిన్ నీలం కలిసిన తెలుపులో వెలుగుతాయి. రాయీ ఎముకా ఒక్కోచోట ఒక్కోలా మెరుస్తాయి కాబట్టి ఫలానా రంగు రావాలని కాదు, ఒకే చేపలో ఒక భాగం మిగతా ఒంటితో తేడాగా ఉందా అన్నది చూడండి. టార్చిలోకి చూడొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

పటమట_పలక

అన్నీ మీరు చెప్పిన వరసలోనే చేశాను. ఫొటోలు ముందే తీశాను.

మందం ఎనిమిది చోట్ల సగటు 0.9 సెం.మీ. ఘనపరిమాణం 297, సాంద్రత 2.32. చారలు నాలుగు అంచుల్లోనూ ఒకే ఎత్తులో సాగుతున్నాయి.

వాలు వెలుతురులో పెద్ద చేప తల, వెన్ను, పక్కటెముకలు స్పష్టంగా నీడలు వేశాయి. చుట్టూ గీకుడు గీతలున్నాయి. పొట్ట కింద రంపపు వరస కనిపించింది, సన్నముళ్ళు కూడా. తోకలో పై సగం ముళ్ళు కొసకి చీలుతున్నాయి, కింది సగం మాత్రం చదునుగా, తిన్నటి గీతలుగా ఉంది. చిన్న చేప మొత్తం చదును. దాని ముళ్ళు పగులు మీదుగా తెగకుండా వెళ్ళాయి. యూవీలో పగులు నీలంతెలుపు గీతలా మెరిసింది, కాకపోతే చిన్న చేప దాటే చోట మాత్రం ఆ గీత నల్లగా కప్పేసినట్టుంది. తోక కింది సగం పాలలా వెలిగింది.

అసిటోన్ ఇంకా వేయలేదు. వేయాలా?

జవాబు 5: నాపరాయి_పల్నాడు

2.32తో రెసిన్, పీవోపీ రెండూ పోయాయి. మందంలో అర మిల్లీమీటరు అటూ ఇటూ తప్పు జరిగినా 2.2 నుంచి 2.46 మధ్యే ఉంటుంది, 2.7 అందుకోదు. పల్నాటి రాయి కాదు.

జవాబు 6: ముల్లు_గుల్ల

అసిటోన్ అక్కర్లేదు. పగులుకి పూసిన జిగురు మెరుపుని చిన్న చేప కప్పేస్తోందంటే ఆ చేప జిగురు మీద ఉంది, అంటే పలక అతికించాక వేసిన రంగు. దానికి మించిన సాక్ష్యం అసిటోన్ ఇవ్వదు. తోక కింది సగం నింపి దిద్దారు. పై సగం, తల, ఒళ్ళు అసలువి. వెన్ను మీది రెక్క వీపు మధ్యలో ఉండి, తోక ముందు పొట్ట కింది రెక్క పొట్టిగా ఉంటే నైటియా అన్న పేరు కూడా సరిపోతుంది. ఆ కింది రెక్క పొడుగ్గా సాగి, నోరు పైకి తిరిగి ఉంటే దాని చుట్టం డిప్లోమిస్టస్ అవుతుంది, చూసుకోండి.

తోక దిద్దడాన్ని మోసం అనలేం, చెప్పి అమ్మితే. మ్యూజియంలలో కూడా నింపుతారు, ఎంత నింపారో రాసిపెడతారు. లేని చేపని వేసి "ఒరిజినల్" అనడం మాత్రం తప్పే. యూవీ ఫొటోలు, వాలు వెలుతురు ఫొటోలు, బిల్లు కలిపి అమ్మినవాళ్ళకి వాట్సాప్‌లో పంపి, డబ్బు వాపసు గానీ ధర తగ్గింపు గానీ రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఫిర్యాదుకి కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్ళ లోపు కేసు వేయాలి, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు.

పటమట_పలక

చాలా థాంక్సండీ. కింది రెక్క పొట్టిదే, నోరు పైకి తిరిగి లేదు. తోకని అలాగే ఉంచుకుంటాను, చిన్న చేప సంగతి మాత్రం అడుగుతాను. వాళ్ళు ధర తగ్గిస్తే పలక నా దగ్గరే ఉంటుంది. అప్పుడు ఎలా దాచాలి? చిన్న చేపని తుడిచేయవచ్చా?

జవాబు 7: ముల్లు_గుల్ల

లెక్క తేలేదాకా తుడవొద్దు. తర్వాత తుడవాలనిపిస్తే పగులుకి 1 సెం.మీ. ఇటే ఆగండి, అసిటోన్ పగుల్లోకి పాకితే పలక రెండు ముక్కలై చేతికి వస్తుంది.

మన ఊళ్ళో అసలు శత్రువు ఎండ. పారలాయిడ్ బి-72 40 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల విజయవాడలో కిటికీ పక్క అలమరా, ఆపిన కారు దాన్ని సునాయాసంగా దాటేస్తాయి. మెత్తబడ్డ పూతకి దుమ్ము అంటుకుని నల్లబడుతుంది. లోపలి గోడకి, వంటింటి ఆవిరికి దూరంగా పెట్టండి. నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి, కింద మెత్తటి ఫోమ్. గాజు మూత పెట్టె అయితే వానాకాలంలో చెమ్మ పీల్చే నీలం రంగు సిలికా జెల్ సంచులు రెండు వేసి, గులాబీ రంగుకి తిరగ్గానే మార్చండి. దుమ్ముకి పొడి మేకప్ బ్రష్, తడిగుడ్డ వద్దు. వార్నిష్, కొబ్బరినూనె లాంటివి ఎవరు చెప్పినా వద్దు.

వెనక రంపం గీతల వైపు చిన్న తెల్ల చీటీ అతికించి పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా పాకుతుంది. ఇలా: "నైటియా, గ్రీన్ రివర్ పొరలు, వ్యోమింగ్ (అమ్మినవారి మాట). పెద్ద చేప 11 సెం.మీ., అసలుది. తోక కింది సగం దిద్దినది. చిన్న చేప రంగుతో వేసినది. పగులు అతికినది." కింద కొన్న తేదీ, ధర.